ఫోన్ సిస్టమ్ క్లౌడ్‌లోనా, ఆఫీసులోనా? ముందు పెరిగేదేమిటో తేల్చుకోండి

పదిమంది ఉన్న ఆఫీసుకు ఏ ఫోన్ సిస్టమ్ పెట్టినా పని నడిచిపోతుంది. మనుషులు ముప్ఫై దాటి, రెండో బ్రాంచి మాట వచ్చాకే తేడాలు బయటపడతాయి. అప్పటికే మూడేళ్ల ఒప్పందం మీద సంతకం అయిపోయి ఉంటుంది, లేదా డబ్బు పోసి కొన్న సర్వర్ గదిలో కూర్చుని ఉంటుంది. అందుకే కొటేషన్లు తెప్పించుకునే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీ కంపెనీలో పెరగబోయేది మనుషులా, ఒకేసారి నడిచే కాల్సా, ఆఫీసులు ఉండే చోట్లా?

ఈ మూడూ ఒకటి కాదు. హోస్టెడ్ (క్లౌడ్) సిస్టమ్ బిల్లు మనుషుల లెక్కన పెరుగుతుంది. ఆఫీసులో పెట్టుకునే సిస్టమ్ ఖర్చు ఎక్కువగా ఒకేసారి నడిచే కాల్స్‌ను బట్టి పెరుగుతుంది. చోట్లు పెరిగితే హోస్టెడ్‌లో కొత్త ఫోన్లు తగిలిస్తే సరిపోతుంది. ఆఫీసు సిస్టమ్‌లో మాత్రం వీపీఎన్ (రెండు ఆఫీసుల మధ్య భద్రమైన దారి), గేట్‌వే (రెండు రకాల లైన్లను కలిపే పెట్టె), ఫైర్‌వాల్ నియమాలు అంటూ పని మొదలవుతుంది.

ఏది ఎక్కడ ఉంటుందో ముందు చెప్పుకుందాం. హోస్టెడ్‌లో ఎక్స్‌టెన్షన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే మెనూ), క్యూలు నడిపే పీబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజీ) సాఫ్ట్‌వేర్ ప్రొవైడర్ డేటా సెంటర్‌లో ఉంటుంది. మీ దగ్గర ఉండేవి ఐపీ ఫోన్లు, స్విచ్, రౌటర్, ఇంటర్నెట్ లైన్. ఆన్‌సైట్‌లో, అంటే ఆఫీసులోనే పెట్టుకునే సిస్టమ్‌లో, ఆ సాఫ్ట్‌వేర్ మీ గదిలోని సర్వర్‌లోనో, చిన్న అప్లయన్స్‌లోనో నడుస్తుంది. బయటికి కాల్ సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైన్) మీదుగానో, పీఆర్ఐ (చాలా కాల్స్ ఒకేసారి మోసే డిజిటల్) లైన్ మీదుగానో, పాత రాగి లైన్ల మీదుగానో వెళ్తుంది. ఒక ఈ1 రకం పీఆర్ఐలో మాటకు 30 ఛానెళ్లు (ఒక్కోదానిలో ఒక కాల్) ఉంటాయి, టీ1 రకంలో 23. 31వ కాల్ కావాలంటే ఇంకో లైన్ మొత్తం తీసుకోవాలి. సిప్ ట్రంక్‌లో ఛానెళ్లు ఒక్కొక్కటిగా పెంచుకోవచ్చు. కొత్తగా పెట్టుకునేవాళ్లు ఎక్కువగా అటే వెళ్లడానికి కారణం అదే.

ఎన్ని లైన్లు కావాలి?

అందరూ ఊహ మీద వదిలేసే ప్రశ్న ఇది (లైన్ అంటే ఇక్కడ ఒక కాల్ పట్టే ఛానెల్). నిజానికి దీనికి వందేళ్లకు పైగా వాడుకలో ఉన్న లెక్క ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం అది, ఇప్పటికీ అదే వాడతారు.

మీ ఆఫీసులో 30 మంది ఉన్నారనుకోండి. బాగా రద్దీగా ఉండే గంటలో ఒక్కొక్కరికి బయటి కాల్స్ 3, ఒక్కోటి సగటున 4 నిమిషాలు. మొత్తం 360 నిమిషాలు. దాన్ని 60తో భాగిస్తే 6 ఎర్లాంగ్‌లు. సగటున ఒకేసారి 6 కాల్స్ నడుస్తున్నట్టు. కానీ 6 లైన్లు పెడితే దాదాపు నాలుగింట ఒక కాల్‌కు ఎంగేజ్ వస్తుంది, ఎందుకంటే కాల్స్ వరసలో నిలబడి రావు, గుంపులుగా వస్తాయి. 10 లైన్లు ఉంటే నూటికి నాలుగు కాల్స్ పోతాయి. 12 ఉంటే 1.1 శాతం, 13 ఉంటే 0.5 శాతం. కాబట్టి 30 మందికి 13 ఛానెళ్లు చాలు.

ఇప్పుడు మనుషులు 60 అయ్యారు, కాల్స్ తీరు అదే. లోడు 12 ఎర్లాంగ్‌లు అవుతుంది. ఛానెళ్లు 26 కావాలనిపిస్తుంది, కానీ 1 శాతం నష్టానికి 20 సరిపోతాయి. మనుషులు రెట్టింపైనా లైన్లు ఒకటిన్నర రెట్లే పెరిగాయి. హోస్టెడ్ సీట్ల (అంటే ఒక్కో ఫోన్‌కు కట్టే) బిల్లు మాత్రం నికరంగా రెట్టింపవుతుంది. ఒకే భవనంలో మనుషులు బాగా పెరిగే కంపెనీకి ఆన్‌సైట్ ఎందుకు కలిసొస్తుందో చెప్పే లెక్క ఇదే.

ఈ లెక్క రెండు చోట్ల తప్పుతుంది. మొదటిది, బయటి నుంచి వచ్చిన కాల్‌ను ఉద్యోగి మొబైల్‌కు మళ్లిస్తే ఆ కాల్ నడిచినంతసేపూ రెండు ఛానెళ్లు పట్టుకుంటుంది, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. సేల్స్ వాళ్లంతా బయట తిరిగే కంపెనీలో ఈ ఒక్క కారణంతోనే లైన్లు చాలకుండా పోతాయి. రెండోది క్యూ. పదిమంది ఏజెంట్లు మాట్లాడుతుంటే, పదిహేనుమంది సంగీతం వింటూ ఎదురుచూస్తుంటే, నడుస్తున్నవి 25 ఛానెళ్లు. ఎదురుచూసేవాళ్లూ లైన్ మీద ఉన్నట్టే. పైన చెప్పిన సూత్రం ఎంగేజ్ వచ్చి వెళ్లిపోయే కాల్స్‌కు మాత్రమే పనికొస్తుంది, క్యూకు పనికిరాదు.

మీ అంకెలు ఊహించకండి. ఇప్పుడున్న సిస్టమ్ నుంచి ఒక నెల కాల్ రికార్డులు తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టండి. ప్రతి కాల్ మొదలైన సమయం, ముగిసిన సమయం చూసుకుని ప్రతి నిమిషానికీ ఎన్ని కాల్స్ నడుస్తున్నాయో లెక్కపెట్టండి. అన్నిటికన్నా రద్దీ గంట దొరుకుతుంది. నెలాఖరునో సెలవు మర్నాడో లోడు పెరిగే వ్యాపారమైతే ఆ రోజులు కూడా ఆ నెలలో ఉండేట్టు చూసుకోండి.

ఖర్చు పోల్చేటప్పుడు

60 నెలలకు లెక్క వేయండి. 12 నెలలకు వేస్తే హోస్టెడ్ గెలిచినట్టే కనిపిస్తుంది, 120 నెలలకు వేస్తే ఆన్‌సైట్ గెలిచినట్టు కనిపిస్తుంది. రెండూ మోసమే.

ఐపీ ఫోన్లు, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చే) స్విచ్, కేబులింగ్ రెండు దారుల్లోనూ కావాలి. ఆన్‌సైట్ కొటేషన్‌లో ఇవి కలిపి, హోస్టెడ్ కొటేషన్‌లో వదిలేస్తారు. పోలిక అక్కడే చెడిపోతుంది. రెండిట్లోంచీ తీసేసి, మిగిలిన వాటిని పోల్చండి.

హోస్టెడ్ వైపు చూడాల్సింది సీట్ల సంఖ్య. మనుషులు 30 అయినా సీట్లు 30 కావు. రిసెప్షన్, గోడౌన్, మీటింగ్ గదులు, సెక్యూరిటీ గేటు కలిపితే 38 అవుతాయి. రోజుకు రెండు కాల్స్ వచ్చే గోడౌన్ ఫోన్‌కు పూర్తి సీటు ధర కట్టడం అన్యాయం. చాలామంది ప్రొవైడర్ల దగ్గర ఇలాంటి ఫోన్లకు తక్కువ ప్లాన్ ఉంటుంది, అడగందే చెప్పరు. రికార్డింగ్, క్యూ రిపోర్టులు, ఫ్యాక్స్, అదనపు నంబర్లు వేరే ఛార్జీలా అనేదీ అడగండి. ఒప్పందంలో మరీ జాగ్రత్తగా చదవాల్సిన వాక్యం ఒకటుంది. మధ్యలో సీట్లు పెంచుకోవచ్చు సరే, తగ్గించుకోవచ్చా? ఎక్కువ ఒప్పందాల్లో తగ్గించుకునే వీలు ఉండదు, గడువు తీరగానే తనంతట తాను పొడిగింపు అయిపోతుంది కూడా.

ఆన్‌సైట్ వైపు చూడాల్సింది లైసెన్స్ తీరు. కొందరు ఎక్స్‌టెన్షన్ల లెక్కన అమ్ముతారు, కొందరు ఒకేసారి నడిచే కాల్స్ లెక్కన. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ ఖర్చు లేదు, కానీ దాన్ని ఎరిగిన మనిషి కావాలి. యూపీఎస్ బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి. ఒక అదనపు డిస్కు, ఒక అదనపు పవర్ సప్లై అల్మరాలో ఉండాలి. కొత్తవాళ్లు చేరినప్పుడు ఎక్స్‌టెన్షన్ తెరవడం, వెళ్లిపోయినవాళ్లది మూయడం, అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ చూసుకోవడం కలిపి నెలకు కొన్ని గంటల పని. ఆ గంటలకు జీతం లెక్కకట్టి కలపండి. ఆ పని చేసే మనిషి పేరు చెప్పలేకపోతే ఆన్‌సైట్ వైపు పోవద్దు. ధర ఎంత తక్కువైనా సరే.

పెట్టె కొన్న తర్వాత తయారీదారు వ్యాపారం మానేసే ప్రమాదమూ ఉంది. తోషిబా అమెరికా విభాగం 2017లో ఆఫీసు ఫోన్ సిస్టమ్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంది. అలాంటప్పుడు పెట్టె వెంటనే ఆగిపోదు. కానీ విడిభాగాలు, అదనపు లైసెన్స్‌లు దొరకడం కష్టమవుతుంది. పెరిగే కంపెనీకి అదే అసలు దెబ్బ.

ఇంటర్నెట్ లైన్‌లో అసలు సమస్య స్పీడు కాదు

కోడెక్ అంటే మాటను డేటాగా మార్చే పద్ధతి. మామూలుగా వాడే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు మాట సెకనుకు 64 కిలోబిట్లు. 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. హెడర్లన్నీ (ప్రతి ప్యాకెట్ మీద ఉండే చిరునామా వివరాలు) కలిపితే ఈథర్‌నెట్ మీద 87 కిలోబిట్లు అవుతుంది, అటూ ఇటూ విడివిడిగా. జీ.729 అయితే 31 కిలోబిట్లు. అందులో మాట 8 కిలోబిట్లే, మిగతా అంతా హెడర్ల బరువు.

13 బయటి కాల్స్‌తో పాటు పక్క టేబుల్ వాళ్లతో మాట్లాడుకునే లోపలి కాల్స్ 4 నడుస్తున్నాయనుకోండి. ఆన్‌సైట్‌లో లోపలి కాల్స్ ఆఫీసు నెట్‌వర్క్ దాటవు. హోస్టెడ్‌లో తరచుగా ప్రొవైడర్ సర్వర్ దాకా వెళ్లి వెనక్కి వస్తాయి, కాబట్టి ఒక్కో లోపలి కాల్ రెండు కాల్స్ కింద లెక్క. 13 కూడిక 8, మొత్తం 21. సుమారు 1.8 మెగాబిట్లు. ఫోన్ నుంచి ఫోన్‌కు మాట నేరుగా వెళ్లే సదుపాయం కొందరు ప్రొవైడర్లు ఇస్తారు, కానీ రికార్డింగ్ ఆన్ చేస్తే మళ్లీ అన్నీ సర్వర్ మీదుగానే.

రెండు మెగాబిట్లు ఏ లైన్‌కైనా లెక్కలోకి రావు. అయినా మాట ఎందుకు తెగుతుంది? అప్‌లోడ్ వైపు క్యూ కట్టడం వల్ల. అప్‌లోడ్ 5 మెగాబిట్లున్న లైన్‌లో ఎవరో పెద్ద ఫైలు పంపిస్తున్నారు. మోడెమ్‌లో 500 కిలోబైట్ల బఫర్ (ప్యాకెట్లు తమ వంతు దాకా ఆగే చోటు) ఉంటే అది నిండాక కొత్తగా వచ్చిన మాట ప్యాకెట్ 0.8 సెకను ఆగాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు చెబుతుంది. 0.8 సెకను అంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఇద్దరూ ఆగిపోయి, మళ్లీ ఇద్దరూ మొదలుపెట్టడమే. లైన్ స్పీడు పెంచితే కొంత తగ్గుతుంది, పోదు.

దీనికి మందు రౌటర్‌లో ఉంది. ఎఫ్‌క్యూ కోడెల్ లేదా కేక్ అనే క్యూ పద్ధతి ఉన్న రౌటర్ తీసుకుని, అప్‌లోడ్ పరిమితిని కొలిచిన స్పీడులో 85 నుంచి 90 శాతానికి కట్టేయండి. అప్పుడు క్యూ మోడెమ్‌లో కాకుండా మీ రౌటర్‌లో ఏర్పడుతుంది, మాట ప్యాకెట్లను రౌటర్ ముందుకు పంపిస్తుంది. ఫోన్లలో డీఎస్‌సీపీ (ప్యాకెట్‌కు ముందు వరస ఇవ్వమనే గుర్తు) విలువ 46 పెట్టామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ గుర్తు మీ స్విచ్, మీ రౌటర్ దాకానే పనికొస్తుంది. మామూలు ఇంటర్నెట్‌లో దాన్ని పట్టించుకుంటారన్న హామీ లేదు.

హోస్టెడ్ మీద సంతకం చేసే ముందు పని రోజుల్లో ఒక వారం పరీక్షించండి. ప్రొవైడర్ సర్వర్ చిరునామా అడిగి తీసుకుని, కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి సెకనుకొక పింగ్ (సర్వర్ నుంచి జవాబు ఎంతసేపటికి వస్తుందో కొలిచే సందేశం) నడపండి. మధ్యలో కావాలనే పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. ప్యాకెట్ నష్టం 1 శాతం లోపు, జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే సరే. సగటు చూసి సంతోషపడొద్దు. సగటు 20 మిల్లీసెకన్లు ఉండి, మధ్యాహ్నం మూడు గంటలకు పది నిమిషాలు 600కు ఎక్కితే, ఫిర్యాదులన్నీ ఆ పది నిమిషాలవే. ఆ తర్వాత అయిదు ఫోన్లతో రెండు వారాలు నిజమైన కాల్స్ నడపండి. అందులో ఒకటి రిసెప్షన్‌లో ఉండి తీరాలి. ట్రాన్స్‌ఫర్లు ఎక్కువగా జరిగేది అక్కడే.

కాల్ ఎన్నో సెకనులో కట్ అయిందో అడగండి

"కాల్స్ కట్ అవుతున్నాయి" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్నతో సగం రోగం తెలిసిపోతుంది.

దాదాపు 32 సెకన్లకు కట్ అయితే, కాల్ ఎత్తినట్టు ఫోన్ పంపిన సందేశానికి రావాల్సిన ధ్రువీకరణ రాలేదన్నమాట. సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్‌ను కలిపే పద్ధతి) ప్రమాణంలో ఆ ఎదురుచూపు గడువు 32 సెకన్లు. ఫోన్ తన చిరునామాగా ఆఫీసు లోపలి ఐపీని రాసి పంపడం, లేదా రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లోని చిరునామాలను మార్చే సదుపాయం) ఆ చిరునామాను తప్పుగా దిద్దడం సాధారణ కారణాలు. సాయం చేయడానికని పెట్టిన సదుపాయమే అది, కానీ చాలా రౌటర్లలో చెడగొడుతుంది. ముందు దాన్ని ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

15 నిమిషాలకో, 30 నిమిషాలకో కచ్చితంగా కట్ అయితే సెషన్ టైమర్ కారణం కావచ్చు. సాధారణంగా 1800 సెకన్లు పెట్టి, సగం సమయానికి ఒకసారి కాల్ బతికే ఉందా అని అడుగుతారు. ఆ ప్రశ్నో జవాబో ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతే కాల్ ముగుస్తుంది. పరీక్షించేటప్పుడు రెండు నిమిషాలు మాట్లాడి బాగుందని పెట్టేస్తే ఇది ఎప్పటికీ దొరకదు. 35 నిమిషాల కాల్ ఒకటి తప్పకుండా చేయాలి.

బయటికి కాల్స్ బాగా వెళ్తూ, లోపలికి వచ్చేవి కొన్నిసార్లు రింగ్ అవకపోతే ఫోన్ సందేశాలు వచ్చే యూడీపీ దారిని రౌటర్ మూసేస్తోంది. కొన్ని రౌటర్లు 30 సెకన్లు కదలిక లేకపోతే మూసేస్తాయి. ఫోన్‌లో కీప్ అలైవ్ (దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశం) 25 సెకన్లకు పెట్టండి, లేదా సిగ్నలింగ్‌ను (కాల్ కలపడానికి పంపుకునే సందేశాలను) టీఎల్ఎస్ అనే పద్ధతికి మార్చండి.

మన మాట వాళ్లకు వినపడుతోంది, వాళ్ల మాట మనకు వినపడటం లేదంటే ఆర్‌టీపీ పోర్టుల (మాట ప్యాకెట్లు వచ్చే ద్వారాల) సంగతి చూడాలి. ఇది ఆన్‌సైట్ వాళ్లకు ఎక్కువగా ఎదురవుతుంది. ఆస్టరిస్క్‌లో అయితే యూడీపీ 10000 నుంచి 20000 వరకు పోర్టులు ట్రంక్ ప్రొవైడర్ వైపు నుంచి తెరిచి ఉండాలి, సర్వర్‌కు బయటి ఐపీ ఏదో, లోపలి నెట్‌వర్క్‌లు ఏవో చెప్పి ఉండాలి. కొత్త బ్రాంచి నెట్‌వర్క్‌ను ఆ లోపలి జాబితాలో చేర్చడం మర్చిపోతే ఆ బ్రాంచి ఫోన్లలో మాత్రమే ఈ జబ్బు వస్తుంది.

ఏది ఆగితే ఏం మిగులుతుంది

హోస్టెడ్‌లో మీ ఇంటర్నెట్ పోతే పక్క గదికి కూడా ఫోన్ చేయలేరు. కానీ బయటి నుంచి వచ్చే కాల్స్ ప్రొవైడర్ దగ్గరికి చేరుతూనే ఉంటాయి. ఫోన్లు రిజిస్టర్ కాకపోతే (సర్వర్‌తో కలవకపోతే) ఫలానా మొబైల్ నంబర్లకు పంపమని ముందే పెట్టి ఉంటే కస్టమర్‌కు తేడా తెలియదు. ఆన్‌సైట్‌లో ఇంటర్నెట్ పోతే లోపలి కాల్స్ నడుస్తాయి, సిప్ ట్రంక్ ఆగిపోతుంది. అక్కడ కూడా ట్రంక్ ప్రొవైడర్ దగ్గర మళ్లింపు నంబర్ పెట్టుకోవచ్చు, ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మొబైల్‌కు మళ్లించేటప్పుడు ఒక చిక్కు ఉంది. రింగ్ గ్రూపులో నాలుగు మొబైళ్లు ఉండి, ఒకటి స్విచాఫ్ అయి దాని వాయిస్‌మెయిల్ ఆన్‌లో ఉంటే, ఆ వాయిస్‌మెయిలే కాల్ ఎత్తేస్తుంది. మిగతా ముగ్గురికీ రింగ్ ఆగిపోతుంది. కాల్ తీసుకోవాలంటే ఒకటి నొక్కండి అనే నిర్ధారణ సదుపాయం ఆన్ చేస్తే ఈ బాధ పోతుంది.

ప్రొవైడరే ఆగిపోవడం అరుదు, కానీ జరుగుతుంది. 2021 సెప్టెంబర్‌లో వాయిప్ డాట్ ఎంఎస్, బ్యాండ్‌విడ్త్ అనే సంస్థల మీద డీడాస్ (దొంగ ట్రాఫిక్‌తో సర్వర్లను ముంచెత్తే) దాడులు జరిగి, వాటి మీద ఆధారపడ్డ కాల్స్‌కు రోజుల తరబడి ఇబ్బంది కలిగింది. బ్యాండ్‌విడ్త్ లాంటి సంస్థ ఇతర ప్రొవైడర్లకు కూడా లైన్లు ఇస్తుంది కాబట్టి, ఆ పేరే వినని కంపెనీలకూ సెగ తగిలే వీలుంటుంది. ఆన్‌సైట్ పెట్టుకున్నా ట్రంక్ ఒక్కరి దగ్గరే ఉంటే మీరూ అదే స్థితిలో ఉంటారు. తేడా ఏమిటంటే, ఆన్‌సైట్‌లో బయటికి వెళ్లే కాల్స్‌కు రెండో ట్రంక్‌ను రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

99.9 శాతం నడుస్తుందన్న హామీకి అర్థం నెలకు 43 నిమిషాలు ఆగినా ఒప్పందం ప్రకారం తప్పు కాదని. 99.99 అయితే 4 నిమిషాల పైచిలుకు. ఆ హామీ ప్రొవైడర్ సర్వర్లకే, మీ ఇంటర్నెట్ లైన్‌కు కాదు.

కరెంటు లెక్క రెండిటికీ కావాలి. 24 ఫోన్లు, ఒక్కోటి 5 వాట్లు చొప్పున 120. స్విచ్ సొంతానికి 30, రౌటర్, మోడెమ్ 25. ఆన్‌సైట్ అయితే సర్వర్‌కు ఇంకో 40. మొత్తం 215 వాట్లు. రెండు గంటలు నడవాలంటే 430 వాట్-అవర్లు, యూపీఎస్ నష్టం, బ్యాటరీ పూర్తిగా ఖాళీ చేయకూడదన్న నియమం కలుపుకుంటే 600 పైన ఉన్న బ్యాటరీ కావాలి.

స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్యతో పాటు పీఓఈ బడ్జెట్ (ఫోన్లన్నిటికీ కలిపి ఇవ్వగల కరెంటు) చూడండి. 190 వాట్ల బడ్జెట్ ఉన్న 24 పోర్టుల స్విచ్‌కు క్లాస్ 2 (తక్కువ కరెంటు అడిగే) ఫోన్లు తగిలిస్తే, ఒక్కోదానికి 7 వాట్లు కేటాయించినా 168తో సరిపోతుంది. క్లాస్ 3 (ఎక్కువ అడిగే) ఫోన్లు తగిలిస్తే కొన్ని స్విచ్‌లు ఒక్కోదానికి 15.4 వాట్లు పక్కన పెడతాయి. 12 ఫోన్లు వెలుగుతాయి, 13వది వెలగదు. ఫోన్ నిజంగా వాడేది 5 వాట్లే అయినా సరే. ఇది ఫోన్ చెడిపోయిందనుకుని మార్పించుకునే కేసు, తప్పు ఫోన్‌ది కాదు.

దొంగ కాల్స్

ఆన్‌సైట్ సర్వర్ 5060 పోర్టు (సిప్ సిగ్నలింగ్‌కు వాడేది) ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే, తెరిచిన పోర్టులను వెతికే స్కానర్లు త్వరలోనే తలుపు తడతాయి. ఎక్స్‌టెన్షన్ 201, పాస్‌వర్డ్ 201 అని ఉంటే ఒక శనివారం రాత్రి చాలు, సోమవారం పొద్దున్నకు విదేశీ ప్రీమియం నంబర్లకు వెళ్లిన కాల్స్ బిల్లు మీ పేరున ఉంటుంది. ఆ నంబర్ల ఆదాయంలో దొంగలకు వాటా ఉంటుంది, అందుకే ఆపకుండా చేస్తారు.

సిగ్నలింగ్ పోర్టును ట్రంక్ ప్రొవైడర్ ఐపీలకు మాత్రమే తెరవండి. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లను వీపీఎన్ ద్వారానో ఎస్‌బీసీ (సిప్ కాల్స్‌కు కాపలా కాసే గేటు) ద్వారానో రానివ్వండి. విదేశీ కాల్స్ మొత్తం మూసేసి, అవసరమైన దేశాల కోడ్‌లు మాత్రమే తెరవండి. ప్రొవైడర్ దగ్గర రోజువారీ ఖర్చు పరిమితి పెట్టించండి. దొంగ లోపలికి వచ్చాక కూడా ఆ పరిమితి అడ్డుగా పనిచేస్తుంది. హోస్టెడ్‌లో సర్వర్ భద్రత ప్రొవైడర్ చూసుకుంటాడు, కానీ అడ్మిన్ పోర్టల్ పాస్‌వర్డ్ పోతే ఫలితం ఇదే. అక్కడ రెండో దశ ధ్రువీకరణ పెట్టకుండా ఉండొద్దు.

ఇదా అదా అని కాకుండా

మధ్య దారులున్నాయి, పెరిగే కంపెనీలకు తరచుగా ఇవే నప్పుతాయి. పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌ను అద్దె వర్చువల్ సర్వర్‌లో మీరే నడుపుకోవడం ఒకటి. సీట్ల బిల్లు ఉండదు, బ్రాంచిల బాధ తగ్గుతుంది, నిర్వహణ మాత్రం మీదే. హోస్టెడ్ తీసుకుని, ఆఫీసులో ఒక చిన్న గేట్‌వే పెట్టి, ఇంటర్నెట్ పోయినప్పుడు లోపలి కాల్స్, ఒకటి రెండు అత్యవసర లైన్లు నడిపించుకోవడం ఇంకొకటి.

నా మట్టుకు, 20 మంది లోపు ఉండి ఐటీ మనిషి లేకపోతే హోస్టెడ్, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు సగం మంది ఉన్నా, ఏడాదికో కొత్త చోటు తెరుస్తున్నా హోస్టెడే. ఒకే భవనంలో వందమంది, లోపలి కాల్స్ ఎక్కువ, నెట్‌వర్క్ చూసే మనిషి జీతం మీద ఉన్నాడంటే ఆన్‌సైట్ లెక్క తప్పక వేయాలి. ప్రతి కాల్ రికార్డు చేసి ఏళ్ల తరబడి దాచాల్సిన వ్యాపారానికి కూడా. 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ రికార్డింగ్ నిమిషానికి దాదాపు ఒక మెగాబైట్. నెలకు 30,000 నిమిషాలైతే 29 గిగాబైట్లు. సొంత డిస్కుకు అది చిన్న పని, హోస్టెడ్‌లో నిల్వకు విడిగా ఛార్జీ ఉందేమో, ప్రొవైడర్‌ను వదిలేటప్పుడు అన్నీ ఒకేసారి దించుకోనిస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఏ దారి పట్టినా ఫోన్లు మాత్రం ప్రొవైడర్ లాక్ లేనివి కొనండి. లాక్ ఉన్నవి చవగ్గా వస్తాయి, మారే రోజున పనికిరాకుండా పోతాయి.

మార్చే రోజు

నంబర్ల పోర్టింగ్ పూర్తికాక ముందు పాత లైన్ రద్దు చేయకండి. రద్దయిన నంబర్‌ను పోర్ట్ చేయడం కుదరదు, తిరిగి దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. దరఖాస్తులో కంపెనీ పేరు, చిరునామా పాత బిల్లులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయండి, తిరస్కరణల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. పోర్ట్ తేదీ వారం మధ్యలో, పొద్దున పూట పెట్టించుకోండి. ఏదైనా తేడా వస్తే అవతలి ఇంజనీర్లు కుర్చీల్లో ఉండే సమయం అది.

అత్యవసర నంబర్‌కు ముందు బయటి లైన్ కోసం 9 నొక్కాల్సిన అవసరం లేకుండా కలుస్తోందో లేదో చూడండి, స్థానికంగా ఆ పరీక్షకు పద్ధతి ఉంటే ఆ పద్ధతిలోనే. హోస్టెడ్ ఫోన్‌ను ఎవరైనా ఇంటికి తీసుకెళ్తే అత్యవసర సేవల దగ్గర నమోదైన చిరునామా ఆఫీసుదే ఉండిపోతుంది. దాన్ని మార్పించే బాధ్యత ఒకరికి అప్పగించండి.

చివరగా రాగి లైన్ మీద మౌనంగా బతుకుతున్న పరికరాలను వెతకండి. లిఫ్ట్‌లోని అత్యవసర ఫోన్, ఫైర్ అలారం ప్యానెల్, ఫ్యాక్స్, పాత కార్డు మెషీన్, గేటు ఫోన్. ఫ్యాక్స్‌ను అడాప్టర్‌కు (పాత పరికరాన్ని ఐపీకి కలిపే పెట్టెకు) తగిలిస్తే ఒక పేజీ బాగానే వెళ్తుంది, పదో పేజీ దగ్గర ఆగిపోతుంది. ఫ్యాక్స్ మోడెమ్ శబ్దం ఒక్క ప్యాకెట్ పోయినా తట్టుకోలేదు కాబట్టి టీ.38 (ఫ్యాక్స్‌ను ఐపీ మీద పంపే పద్ధతి) కావాలి, లేదా ఫ్యాక్స్‌ను ఈమెయిల్‌కు మార్చాలి. లిఫ్ట్, అలారం లైన్లను ఐపీ మీదకు తెచ్చేముందు వాటిని చూసుకునే కంపెనీని అడగండి. అలారం ప్యానెళ్లు కొన్ని నెలకోసారి మాత్రమే పరీక్ష కాల్ చేస్తాయి. లైన్ తీసేసిన రోజు అంతా బాగున్నట్టే ఉంటుంది, మూడు వారాల తర్వాత మానిటరింగ్ సెంటర్ నుంచి ప్యానెల్ పలకడం లేదని కబురొస్తుంది. కాబట్టి పాత రాగి లైన్లలో కనీసం ఒకటి, ఆ నెలవారీ పరీక్ష కాల్ కొత్త దారిలో వెళ్లి చేరినట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా అలాగే ఉంచండి.